బస్సంత గట్టి పెట్టె

అమ్మకు, నీ కూతురు నమస్కరించి రాస్తున్నది.

అక్కడ నీ ఒంట్లో బాగుందని, మోకాళ్లు నిన్ను మరీ వేధించడం లేదని తలుస్తాను. ఇక్కడ ఇల్లు బాగుంది. పక్కింటి టైలరత్త బాగుంది. ఆవిడ మిషను, ఆవిడ నోరు, ఈ రెండిట్లో ఏది ముందు ఆగుతుందా అని వీధంతా ఎదురుచూస్తోంది గానీ ఇంతవరకు రెండూ ఆగలేదు. నేను బాగానే ఉన్నాను. నాన్న సంగతి కూడా ఇందులోనే రాస్తాను. మొదటి వాక్యంలోనే రాసేద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడు కాగితాలు చింపేశాను. ఇది నాలుగోది. వరసగా చెప్పనివ్వు. పేజీలు తిప్పి చివర చూడకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నువ్వు పంపిన ఉన్ని కోటు అందింది. నాన్న దాన్ని ఇంట్లో కూడా విప్పలేదు. "మీ అమ్మ వంటశాల పొగ వాసన వస్తోందే దీనికి," అంటూ కాలరు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. దగ్గు మందు వేళకు ఇస్తున్నాను. తల కింద రెండు దిళ్లు సరిపోతున్నాయా అన్నావు. సరిపోవడం లేదు, మూడు పెడుతున్నాను. నేనింకా ఎదురొచ్చినవాళ్లందరితో పోట్లాడుతున్నానా అన్నావు. పోట్లాడాను, అదీ రాస్తాను. నాన్న తన చేత్తో రెండు ముక్కలైనా ఎందుకు రాయడం లేదని అడిగావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

ఇక బండి. "ఆ తుప్పు జీపు ఎంతవరకొచ్చింది? అందులో నాకు కాళ్లు చాపుకునే చోటుందా, లేక తండ్రీకూతుళ్లు మీ ఇద్దరికే కట్టుకున్నారా?" అని రాశావు. ఆ ముక్క చదివి నాన్న ఎంత నవ్వాడంటే, దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

నీకు తెలిసిన కథే అయినా మళ్లీ మొదటినుంచి రాస్తాను. రాస్తుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు బాడీలు కట్టిన షెడ్డులో నాన్న ఆఖరి రోజున, వెళ్లిపోయేవాళ్లందరికీ ఇచ్చే గోడ గడియారమే ఆయనకీ ఇవ్వబోయారట. "ఇంక నాకు టైము చూసుకునే పనేముంది సార్, వెనక పడేసిన ఆ చిన్న జీపు ఇప్పించండి," అన్నాడట. సర్వేవాళ్లు ఎప్పుడో వదిలేసిపోయిన పొట్టి జీపు. నాలుగు చక్రాలూ కలిసి లాగే రకం, బురదైనా రాళ్లైనా లెక్కచేయదు. పైకప్పు మాత్రం తుప్పు తినేసింది. గడియారం మిగిలిందని వాళ్లు సంతోషించారు. జీపు దొరికిందని ఈయన సంతోషించాడు.

నువ్వు ఆ డ్యాం క్యాంపుకి వంటకి వెళ్లిన నెలలోనే నాన్న లెక్క వేశాడు. బస్సు సగం దారి వరకే. ఆపైన రాళ్ల బాట, రెండు వాగులు. సరుకుల లారీ ఉంది గానీ, ముప్పావు గంట కూర్చుంటే ఆయనకి ఊపిరందదు, పడుకోవాలి. "అయితే మంచమే నడిచి వెళ్లాలే," అన్నాడు. జీపు వెనక సగం కోసేసి, ట్రక్కులాగా తొట్టి చేసి, ఆ తొట్టిలో ముగ్గురు పడుకునే గది కట్టాలి. దారిలో రెండు మజిలీలు. పొయ్యి పెట్టుకోవడానికి వెనక తలుపే కిందికి వాల్చితే బల్ల అవ్వాలి. నీకు సీజను అయ్యేదాకా సెలవివ్వరు, మధ్యలో వస్తే పని పోతుంది. కాబట్టి మేమే రావాలి. అదీ ఆలోచన.

నాకది ఉత్త బండి కాదమ్మా. విశ్రాంతి కూడా పనిచేసేవాడి హక్కేనని షెడ్డు గేటు దగ్గర పంచిన కరపత్రం ఒకటుంది, మడతలు చిరిగిపోయేదాకా చదివాను. జనం ఊళ్లు తిరగడానికి ముప్పై ఒక్క ఏళ్లు బళ్లు కట్టినవాడు, తను కట్టిన ఒక్క బస్సులోనూ చివరి స్టాపు దాకా వెళ్లలేదు. అలాంటివాడికి సొంతంగా ఒక ప్రయాణం ఉండాలి, దాన్ని ఆయన చేతులే కట్టాలి, ఏ యజమాని చెయ్యీ దాని మీద పడకూడదు. నేనిలా ఉపన్యాసం మొదలుపెడితే నాన్న, "సరే లీడరమ్మా, ముందు ఆ రంపం ఇలా అందుకో," అనేవాడు.

నేను గ్రిల్సు దుకాణంలో పని ముగించుకుని రాగానే ఇద్దరం పెరట్లోకి దిగేవాళ్లం. కప్పు కోసింది నేనే. నిప్పురవ్వలు ఎగిరి టైలరత్త ఆరేసిన చీర మీద పడితే ఆవిడ గోడ మీంచి, "తండ్రికి దగ్గు, కూతురికి నిప్పు. మధ్యలో నా చీరలేం చేశాయే!" అని అరిచింది. తొట్టి అంచులు నేనే వెల్డింగు చేశాను. చెక్క పని ఆయనది. నిలబడలేడు కనక స్టూలు మీద కూర్చుని చిత్రిక పట్టేవాడు. పది సార్లు లాగడం, ఆగడం, మళ్లీ పది సార్లు. చెక్క పొట్టు ఎగరకుండా తడిగుడ్డ వేసేదాన్ని. ముప్పై ఏళ్లు ఆ పొట్టూ ఆ రంగుల పొగే కదా ఆయన లోపలికి పోయింది.

నీ చోటు సంగతి. నా పొడవు టేపు పెట్టి కొలిచాడు. నీదానికి టేపు తీసుకోలేదు. లేచి నిలబడి, భుజం కింద ఒకచోట వేలు పెట్టి, "మీ అమ్మ తల నాకు ఇక్కడికొస్తుంది. ఇక్కణ్ణుంచి నేలకి కొలువు," అన్నాడు.

"అది పెళ్లినాటి ఎత్తు నాన్నా. ఇప్పుడు కాస్త వంగింది."

"వంగినావిడ కాళ్లు చాపుకోవద్దా? చోటుంటే తిన్నగా అవుతుంది," అన్నాడు.

కిటికీ వైపు చోటు నీది. నీకు అడ్డంగా ఎవరి కాళ్లూ రావు. చాలా బాగా కుదిరింది అమ్మా.

ఇప్పుడు పోట్లాట సంగతి రాయాలి.

నాన్న చేతులకి చిన్నది కట్టడం తెలియదు. బస్సుకి నిలువు కమ్ములు ఎంత మందం పెడతారో ఈ పెట్టెకీ అంతే పెట్టాడు. నేల చెక్క అంతే. మూలలకి అవే ఇనప బద్దీలు, ప్రతి అతుకుకీ జిగురూ బోల్టూ రెండూ. చూస్తే కడుపు నిండిపోయింది నాకు. పెట్టె పూర్తయిన రోజున నాన్న మన కమాన్ల మావయ్యని పిలిపించాడు. వీధి చివర లారీల కింద బరువు మోసే ఇనప పట్టీలు బిగించే ఆయనే, నిన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడే, ఆయన. వచ్చి బండి కిందికి వంగి చూశాడు. లేచి, తలుపు తట్టినట్టు పెట్టెని పిడికిలితో తట్టాడు.

"ఎవరి కోసం కట్టావు బావా? ఏనుక్కా?"

"మీ చెల్లెలికి," అన్నాడు నాన్న.

"మా చెల్లెలు అంత బరువుండదులే. ఇది జీపు బావా. నువ్వు దీని నెత్తిన బస్సు పెట్టావు. చూడు, పట్టీలు విల్లులా వంగుండాలా? తిన్నగా పడుకున్నాయి. పైనున్న చెక్క సగం పీకెయ్. పల్చటి రేకు వేసుకో. కింద నేను రెండేసి పట్టీలు కలుపుతా. పన్నెండు రోజులిస్తే మనిద్దరం కానిచ్చేద్దాం. ఇలాగే వెళ్లారో, మొదటి వాగు గట్టు మీదే పక్కకి పడుకుంటుంది."

నాన్న గడ్డం గోక్కుని నా వైపు చూశాడు. "వాడు చెప్పేది నిజమేనేమోనే," అన్నాడు.

పల్చటి రేకు అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. షెడ్డు యజమాని నాన్నని సాధించింది ఆ మాటతోనే కదా. "మందం తగ్గించు మేస్త్రీ, లోపల ఎవడు చూడొచ్చాడు?" అనేవాడు. నాన్న తగ్గించలేదు. అందుకే ఎన్నేళ్లు చేసినా పెద్దమేస్త్రి కాలేదు. అది వింటూ పెరిగినదాన్ని. మావయ్య మీద విరుచుకుపడ్డాను. "మీరూ యజమానుల మాటే మాట్లాడుతున్నారా? వాళ్ల లారీల కింద పాకి పాకి మీరు తలెత్తి చూడటం మర్చిపోయారు. మా నాన్న ఎవడికీ నాసిరకం కట్టలేదు, తనకి తను కట్టుకుంటాడా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవి రాయను.

మావయ్య చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నీ కరపత్రాలు చదవడం బరువుకి రాదు కోడలా," అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. "వెళ్లి పిలవ్వే," అన్నాడు నాన్న. నేను కదల్లేదు. "అవసరం లేదు, బండి ఎల్లుండి బయల్దేరుతుంది," అన్నాను.

నేను అరిచింది చెక్క మందం గురించే అయితే ఇంత సిగ్గుపడను. అసలు సంగతి ఆ పన్నెండు రోజులు. మా దగ్గర అవి లేవని నాకొక్కదానికే తెలుసు.

ఏడు వారాల కిందట ఎక్స్-రే తీసిన రోజున డాక్టరమ్మ నాన్నని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. ఫిల్ము దీపం ముందు పెట్టి చూపించింది. గాలి ఆడే చోటు ఇంక చాలా కొద్దిగా మిగిలిందని చెప్పింది. "రెండు నెలలు అనుకోండి. మీ అమ్మగారిని పిలిపించండి," అంది.

పిలిపించమంది. నేను పిలిపించలేదమ్మా.

నీకు రాసిన మూడు ఉత్తరాల్లో నాన్న తేరుకుంటున్నాడని రాశాను. నాన్నతో, గాలి మార్పు మంచిదని డాక్టరమ్మ చెప్పిందన్నాను. నీ పని పోతుందని భయపడి అలా చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం వేరు. నువ్వొచ్చి మంచం మీదున్న రోగిని చూడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన తను కట్టిన బండి దిగి, ఆ కోటు వేసుకుని, నీ వంటశాల గుమ్మంలో నిలబడాలి. నువ్వు గరిటె చేత్తో పట్టుకుని బయటికి రావాలి. మూడొందల మంది పనివాళ్లు తినడం ఆపి చూడాలి. ఈ బొమ్మ నా కళ్ల ముందు ఎంత బాగా కట్టిందంటే, దాని కోసం మీ ఇద్దరి ఏడు వారాలూ తీసేసుకున్నాను. ఒకరి రోజులు ఇంకొకరు లాక్కోవడం గురించి వీధి మీటింగుల్లో గొంతు చించుకున్నదాన్ని నేనే.

పోయిన సోమవారం పొద్దున బయల్దేరాం. ఆ రెండు గంటలూ బాగున్నాయి, అది నీకు చెప్పాలి. నా సీటు వెనక చిన్న కంత పెట్టాం, అందులోంచి మాట్లాడుతూనే ఉన్నాడు. "ఆ ఎదురొచ్చే బస్సు నాదే, వెనక మెట్టు చూడు," అనేవాడు. ఇంకొకటి వస్తే, "ఇది కాదు, దీని తలుపు ఏడుస్తోంది." తారు రోడ్డు అయిపోయినచోట ఆపమన్నాడు. వెనక తలుపు వాల్చి ఇద్దరం టీ కాచుకుని తాగాం. కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుని, "లీడరమ్మా, మీ పుస్తకాల్లో రాసిన విశ్రాంతంటే ఇదేనా?" అన్నాడు. ఇదే నాన్నా అన్నాను. "బాగానే ఉందే. ఇంతకుముందే చెప్పుండాల్సింది," అన్నాడు.

అక్కడికి ఇంకో అరగంటలో మొదటి వాగు. నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. దిగడం దిగాం. అవతలి గట్టు ఎక్కుతుంటే మధ్యలో రాయి కనబడి పక్కకి తిప్పాను. కింద పెద్ద తాళం విరిగినట్టు చప్పుడైంది. పట్టీ విరిగింది. బండి ఎగరలేదు, దొర్లలేదు. నిద్రొచ్చిన మనిషి ఒరిగినట్టు మెల్లగా పక్కకి పడుకుంది. మావయ్య చెప్పినచోటే, చెప్పినట్టే.

నా తలుపులోంచి పైకెక్కి బయటపడి, వెనక తలుపు తీసి చూశాను. పెట్టె ఒక్క అతుకు దగ్గర కూడా విడలేదు. కిటికీ అద్దం పగల్లేదు. విరిగినవి నాన్న పక్కటెముకలు, రెండు.

ట్రాక్టరు మీద వెళ్తున్న ఒకాయన మా వీధికి కబురు చేస్తే మావయ్యే వ్యాను తీసుకుని వచ్చాడు. నేను ఆయన ముందు నిలబడి, "మావయ్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "నోర్మూసుకుని దుప్పటి ఆ మూల పట్టుకో," అన్నాడు. దారి పొడుగునా నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వ్యాను నేను నడిపాను.

ఇప్పుడు నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ ఉత్తరం ఆయన గది బయట వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఎముకలు విరిగాయి కనక గట్టిగా దగ్గలేడు. దగ్గలేడు కనక లోపలున్నది బయటికి రాదు. కుడి చేతికి సూది ఉంది, ఎడమ చెయ్యి వణుకుతోంది. ఇన్నాళ్లూ, ఎదురుగానే చెప్తాలే అని రాయలేదు, ఇప్పుడు రాయలేడు. డాక్టరమ్మని ఎన్నాళ్లని అడిగితే ఈసారి నెలలనలేదు, వారమనీ అనలేదు. "అమ్మగారు బయల్దేరారా?" అని మాత్రం అడిగింది. మీ ఆఫీసుకి నిన్నటినుంచి ఫోను చేస్తున్నాను. కొండచరియ పడి తీగలు తెగాయట, గంట కూడా మోగడం లేదు.

మొదటి రోజు కళ్లు తెరవగానే, "పెట్టె?" అన్నాడు.

"ఏం కాలేదు నాన్నా."

"మూలలు?"

"ఒక్కటీ కదల్లేదు."

"చూశావా!" అని తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక తనే అన్నాడు, "వాడు చెప్పింది నేను వినుండాల్సిందే. తప్పు నాదిలే. నువ్వు కోసింది నేనిచ్చిన కొలతలకే కదా."

నేను కాదనలేదమ్మా. మావయ్యని వెళ్లగొట్టింది నేను, రోజుల సంగతి దాచింది నేను, గట్టు దగ్గర బండి తిప్పింది నేను. తప్పు తన మీద వేసుకుంటున్నవాణ్ణి చూస్తూ రెండు రోజులు ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున మొహం తుడుస్తూ అంతా చెప్పేశాను. ఎక్స్-రే, డాక్టరమ్మ మాట, నీకు రాసిన అబద్ధాలు, అన్నీ. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఎడమ చేత్తో నా చేతిలోని తడిగుడ్డ పక్కకి నెట్టాడు. తర్వాత, "అయితే మీ అమ్మకి రాయి," అన్నాడు.

"ఏం రాయను నాన్నా?"

"రమ్మను."

తన కోసం ఎవరినైనా రమ్మని ఆయన అడగ్గా నేనెప్పుడూ వినలేదు. ఇది అడిగాడు.

అందుకని, ఈ ఉత్తరం తెచ్చిన సరుకుల లారీ డ్రైవరు బాబాయికి అంతా చెప్పాను. నువ్వు చదివేదాకా నోరు విప్పొద్దన్నాను. ఆయన బస్తాలు దింపేసరికి రెండు గంటలు పడుతుంది. తిరుగు లారీ ఖాళీగా వస్తుంది, ముందు సీటు నీకు ఉంచుతానన్నాడు. బట్టలు సర్దుకోకు. ఇక్కడ నీ బట్టలున్నాయి.

మీ మేనేజరు సెలవివ్వనంటాడని నాకు తెలుసు. దీనితోపాటు ఇంకో కాగితం మడిచి పెట్టాను, చూడు. నీ పేరు మీద సెలవు చీటీ. అయ్యా అని మొదలుపెట్టి, దయచేసి అని రెండుసార్లు రాసి, తమ విధేయురాలు అని ముగించాను. అలాంటి మాటలు రాయనని గ్రిల్సు దుకాణంలో గొడవపెట్టుకున్నదాన్ని, ఇది మాత్రం దస్తూరీ కూడా బాగా కుదరాలని రెండుసార్లు తిరగరాశాను. నువ్వు సంతకం పెడితే చాలు. అప్పటికీ కాదంటే, ఆయనతో వాదించకు. వచ్చెయ్.

నన్ను ఏమన్నా అను. నాతో మాట్లాడకపోయినా సరే, ఎన్నాళ్లయినా సరే. అది తర్వాత. దీనికి జవాబు మాత్రం రాయొద్దు. డ్రైవరు బాబాయి నీ కోసం ఆగుతానని మాటిచ్చాడు, ఆయన ఆగుతాడు. నాన్న ఆగగలడో లేదో నాకు తెలియదు. రా అమ్మా.

ఇట్లు,
నీ దగ్గర ఏడు వారాలు దాచిన
నీ కూతురు